ఎనిమిదో నంబరు కారు, ఎడమ పక్క

జూన్ 3

వదినకు,

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు తెలిసింది: మీ నాన్న ఆఖరిసారి నడిపిన ఎనిమిదో నంబరు రేసు కారు కాలి బూడిద కాలేదు. ఉంది. నాలుగు చక్రాల మీద, ఒక షెడ్డులో, గుడ్డ కప్పుకుని ఉంది.

ఇలాంటి విషయం కాగితం మీద చెబుతున్నందుకు ఏమీ అనుకోకు. ఫోన్లో అయితే నువ్వు విలేకరి బుద్ధి పోనిచ్చుకోకుండా మొదటి వాక్యం దగ్గరే నాలుగు ప్రశ్నలు వేస్తావు. ఆ కంగారులో నేను రెండో వాక్యం మర్చిపోతాను. అందుకే మొత్తం రాసి ఎప్పటిలాగే మీ ఆఫీసుకు పంపుతున్నాను. ఇంటికి పంపితే పెద్దాయన నా చేతిరాత చూసి గుమ్మంలోంచే తిప్పి పంపుతాడు. నీకు పెదనాన్న, నాకు పెద్ద మామయ్య, కానీ మా అమ్మ గడప మాత్రం తొక్కడు.

ఎలా తెలిసిందో చెబుతాను. పగలు ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తానా, సాయంత్రం అదే భూతద్దం కింద బొమ్మ కార్లు చూస్తానా, ఈ రోగం నీకు తెలిసిందే. ఇంట్లో నాన్న చెవిన కారు అన్న మాట పడకూడదు కాబట్టి అవన్నీ ల్యాబులో అచ్చుల బీరువా వెనక ఉంటాయి. ఒకే కారును వేర్వేరు కంపెనీలు ఎలా చేశాయో పోల్చి మా సేకర్తల పత్రికకు రాయడం నా అలవాటు. ఈసారి ధైర్యం చేసి మన కారునే తీసుకున్నాను. ఎనిమిదో నంబరు బొమ్మలు ముగ్గురు చేశారు.

పాతవాళ్లది అరచేతిలో పట్టే పోత లోహం. గోడకు వేసినట్టు రంగు వేశారు, బానెట్ మీది గీతలన్నీ పూడిపోయాయి. చక్రాలు లావు. అయినా బల్ల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి నడిస్తే అచ్చం అదే కారు, నేల మీద కూర్చునే ఆ తీరు అదే. రెండోది రెసిన్ వాళ్లది, అంటే గట్టిపడే జిగురుతో పోతపోసేవాళ్లది. గీతలు కత్తిలా ఉన్నాయి, సీటు బెల్టు నిజం గుడ్డ, చక్రాల ఊచలు వెంట్రుకంత సన్నం. కానీ ముక్కు ఎక్కువ పొడవు. పళ్లు కొలిచే కాలిపర్ పెట్టి చూశాను, తప్పు వాళ్లదే. మూడోది కొత్తవాళ్లది, పెద్ద సైజు. బానెట్ లేస్తుంది, స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి, సీటు కుట్లు లెక్కపెట్టొచ్చు. మూడింటిలో ఇదే మేలని రాయబోయి ఆగాను. సైలెన్సర్ గొట్టం కారుకు ఎడమ పక్క పెట్టారు. మిగతా ఇద్దరూ కుడి పక్క పెట్టారు.

నాకు నవ్వొచ్చింది. కంపెనీకి రాశాను, ఇంత చేసి చివరికి అద్దంలో చూసి చేశారా అని. వాళ్ల జవాబు నిన్న వచ్చింది. "మేం ఫొటోలు చూసి చేయలేదు. అసలు కారుకే లేజర్ పట్టి కొలతలు తీశాం. గొట్టం ఎడమ పక్కే ఉంది. కావాలంటే యజమానిని అడిగి చిరునామా పంపుతాం."

ఎవరిదో దవడ అచ్చు చేతిలో ఉంటే దాన్ని పట్టుకునే చాలాసేపు కూర్చున్నాను. కాలిపోగా మిగిలింది ఇనుప సామాన్ల వాడికి పోయిందని కదా మన రెండిళ్లలోనూ చెప్పారు.

అమ్మకు చెప్పలేదు. నాన్నకు చెప్పే ప్రశ్నే లేదు. చక్రం నట్టు సరిగ్గా బిగించక బావమరిదిని చంపుకున్నాడన్న పేరు మోస్తున్న మనిషికి, ఆ కారు బతికే ఉందని ఏ మొహంతో చెప్పను?

పన్ను కదిలితే కబురు చెయ్యి. మిగతా ఏది కదిలినా నేను చేయగలిగింది లేదు.

నీ మరిది


జూన్ 8

మరిదికి,

నీ ఉత్తరం కుర్చీలో కూర్చుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి చదివాను. పక్క బల్ల ఆవిడ ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, ఎవరో దొరికారు అన్నాను.

నా ప్రశ్నలంటే భయమన్నావు కాబట్టి వాటిని చివర పెడతాను. ముందు నాకు తెలిసినవి.

మా ముందు గదిలో ఒక ఫ్రేము ఉంది. నువ్వు మా ఇంటికి రావడం మానేసిన తర్వాత వచ్చింది, నువ్వు చూసి ఉండవు. ప్రమాదం మర్నాడు మా పేపర్లో వచ్చిన ఫొటో అది. దాని అద్దం తుడిచే పని చిన్నప్పటి నుంచీ నాదే, కళ్లు మూసుకుని చెప్పగలను. కారు గడ్డి మోపుల పక్కన ఆగిపోయి ఉంటుంది, మంట ఇంకా లేవలేదు. ముక్కు మనకు కుడివైపు. అంటే కనిపించేది కారు కుడి పక్క. ఆ పక్కనే గొట్టం ఉంది. ఆ పక్కనే ముందు చక్రం లేదు. కింద "కుడి ముందు చక్రం ఊడి" అని రాసి ఉంది. ఫొటో మొత్తంలో ఎక్కడా అక్షరం లేదు, వృత్తంలో ఎనిమిది అంకె తప్ప. ఎనిమిదిని అద్దంలో చూసినా ఎనిమిదే.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. బొమ్మ పేజీ లోపలికి చూడాలి, బయటికి చూడకూడదు. పేజీకి ఎడమ అంచున మనిషి బొమ్మ వేస్తే మొహం కుడివైపుకు ఉండాలి. కారైతే ముక్కు. అలా లేకపోతే పాత రోజుల్లో నెగెటివ్‌ను తిరగేసి అచ్చు తీసేవాళ్లు. అక్షరాలు లేని ఫొటో అయితే ఎవరికీ పట్టేది కాదు. ఆ రోజు ఫొటో పేజీకి ఎడమ అంచునే ఉంది.

పాతవాళ్లు, రెసిన్ వాళ్లు ఇద్దరూ ఈ ఫొటో చూసే బొమ్మ చేసి ఉంటారు. అది ఆ కారుకు రెండో రేసు, పక్క నుంచి తీసిన ఫొటో ఇంకోటి నేనెక్కడా చూడలేదు. ఫొటోలో గొట్టం, ఊడిన చక్రం ఒకే పక్కన ఉన్నాయి. అసలు కారుకు గొట్టం ఎడమ పక్క ఉంటే, ఊడింది ఎడమ చక్రం.

ఈ వాక్యం రాసి పెన్ను కింద పెట్టాను.

ఇప్పుడు ప్రశ్నలు. మా నాన్న జట్టులో ఉన్నది ముగ్గురే: నడిపేది ఆయన, మిగతా ఇద్దరూ మీ నాన్న, పెద్దాయన. కుడి చక్రాలు మీ నాన్నవే, మా మామయ్యవేనని లోకమంతటికీ తెలుసు. ఎడమవి ఎవరు బిగించారు? పెద్దాయన తను పెట్రోలు, టైర్లు చూసుకునేవాణ్ననే చెప్పాడు నాకు. రెండోది, కొత్తవాళ్లు కొలిచిన కారు అదేనని రుజువేమిటి? నంబరు వేసుకున్న కార్లు చాలా ఉంటాయి.

నెగెటివ్ నేను కళ్లారా చూసేదాకా ఎవరికీ చెప్పకు. మామయ్యకు కూడా. నువ్వు అనుకుంటున్నంత తొందరగా అవి దొరకవు.

పళ్లు గట్టిగానే ఉన్నాయి. ప్రస్తుతం అవి ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నాయి.

వదిన


జూన్ 12

వదినకు,

రుజువు ముందు. యజమాని చిరునామా వచ్చింది, ఫోన్ చేశాను. రిటైరైన ఓడ ఇంజనీరు, మాట్లాడితే అరిచినట్టే ఉంటుంది. కారును ఇనుప సామాన్ల దుకాణంలోనే కొన్నాడట. వెనక భాగం కాలిందట, ముందు భాగానికి మంట తగల్లేదట. మీ నాన్న సీటు వెనక తన పొట్టితనం కోసం వేయించుకున్న చెక్కముక్క ఇప్పటికీ ఉందని ఆయనే చెప్పాడు. చెక్క సంగతి మన ఇళ్లు దాటి ఎవరికీ తెలియదు.

రెండోది అమ్మనడిగాను. సూటిగా అడగలేదు, మీ అన్నదమ్ములు జట్టుగా ఎలా పనిచేసేవాళ్లని కదిపాను. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ తల ఎత్తకుండా, "కుడి మీ నాన్న, ఎడమ మా అన్నయ్య. భోజనానికి కూర్చున్నా అంతే, వాడికి ఇటూ అటూ" అంది.

వంటింట్లోంచి బయటికొచ్చేశాను. నా మొహం తనకు కనపడకూడదని.

నీకు అర్థమైందా వదినా? గొట్టం ఏ పక్క ఉంటుందో ఆ కారు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ తెలుస్తుంది. పెద్దాయన ఆ కారును విప్పి బిగించినవాడు. ఆ ఫొటోను గోడకు తగిలించుకుని రోజూ దాని కిందే టీ తాగుతున్నాడు. ఒక్క చూపులో తెలిసిపోయి ఉంటుంది ఆయనకు.

మా నాన్నకెందుకు తెలియలేదంటావేమో. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి పేపరు చూడలేదు. తర్వాత రేసు కమిటీవాళ్లు పిలిచి, "కుడి ముందు చక్రం నువ్వే బిగించావా" అనడిగారు. అవునన్నాడు. అదే విచారణ. మళ్లీ రేసుల వైపు వెళ్లలేదు. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు.

మా ఇంట్లో ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నాన్న దేన్ని బిగించినా అమ్మ వెనకాలే వెళ్లి ఇంకోసారి బిగిస్తుంది. కుళాయి, కుక్కరు మూత, సీసా. ఏమీ అనదు. నాన్న కూడా ఏమీ అనడు. ఇద్దరూ దానికి అలవాటుపడిపోయారు. నేను కూడా పడిపోయాను, అందరిళ్లలోనూ అంతేనేమో అనుకున్నాను.

నువ్వు ఇవాళే పెద్దాయన్ని అడగాలి. నెగెటివ్ తర్వాత చూసుకో.

నీ మరిది


జూన్ 19

వదినగారికి,

వారమైంది, జవాబు లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే బయటికెళ్లారన్నారు. మర్నాడు చేస్తే మళ్లీ బయటికెళ్లారన్నారు. అన్ని రోజులు బయటే ఉండే వార్త ఊళ్లో ఏముందో నేను చదివే పేపర్లో అయితే కనపడలేదు.

ఎవరికీ చెప్పకు అన్నావు. అప్పుడు జాగ్రత్త అనుకున్నాను. ఇప్పుడు ఇంకోలా అర్థమవుతోంది. ఫొటో తిరగేసింది మీ పేపరు. నోరు మూసుకున్నది నిన్ను పెంచిన మనిషి. నెగెటివ్ దొరకదని ముందే చెప్పింది నువ్వు. దొరక్కపోతే ఎవరికి మంచిదో నాకూ తెలుస్తుంది, పళ్లు చేసుకునేవాడినైనా.

నిన్ను తప్పుపట్టను. ఆయన నిన్ను బడిలో వేశాడు, చదివించాడు. మా నాన్న మీ నాన్నను చంపాడు, నీకు చెప్పిన లెక్క ప్రకారం. ఏ పక్క నిలబడాలో నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కొత్తవాళ్ల బొమ్మను ఈ పొద్దున్నే పార్శిల్ చేశాను. మీ ఆఫీసుకు కాదు, ఇంటి చిరునామాకు. పేరు నీదే రాశాను, చేతిరాత దాచలేదు. తిప్పి పంపినా సరే, విప్పినా సరే.

ఇట్లు,
కుట్టుమిషన్ల కొట్టాయన కొడుకు


జూన్ 20

మరిదికి,

దొరికింది.

ఇన్ని రోజులు పట్టినందుకు తిట్టుకుంటూ ఉంటావు. మా పాత నెగెటివ్‌లు ఆఫీసులో లేవు. ఊరి చివర గోదాముకు తరలించారు. అక్కడ పెట్టెల మీద సంవత్సరాలు రాసినవాడు ఎవడో కానీ, పెట్టెల్లో ఉన్నవాటికీ వాటికీ పొంతన లేదు. రోజూ వెళ్లి దుమ్ములో కూర్చుని వెతికాను. కాపలా మనిషి నా కోసం ఒక స్టూలు తెచ్చిపెట్టాడు. ఐదో రోజుకు నన్ను గోదాము ఆవిడ అని పిలవడం మొదలుపెట్టాడు.

నెగెటివ్ ఫిల్ము అంచున చిన్న అంకెలు ఉంటాయి, కంపెనీ వేసినవి. అవి సరిగ్గా చదవగలిగేలా పట్టుకుంటేనే ఫిల్ము సరైన వైపు ఉన్నట్టు. అలా పట్టుకుని దీపానికి ఎదురుగా చూశాను. కారు ముక్కు ఎడమవైపు ఉంది. కనిపిస్తున్నది కారు ఎడమ పక్క. గొట్టం ఎడమ. లేని చక్రం ఎడమ.

మేం వేసింది తిరగేసే. అనుమానానికి చోటు లేదు. పేపర్లో వేసింది, ఫిల్ము నుంచి సరిగ్గా తీసింది, రెండు అచ్చులూ ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను.

ఫిల్ము చేజారి కింద పడింది. కాపలా మనిషి తీసిచ్చాడు. తర్వాత గుర్తొచ్చింది: నేను చూసింది మా నాన్న ఆఖరి ఫొటో. ఆయన తల ఎటు తిరిగి ఉందో ఇన్నాళ్లూ నాకు తప్పుగా తెలుసు.

పెద్దాయనతో నేనే మాట్లాడతాను. కొంచెం ఓపిక పట్టు. ఆయనకు రక్తపోటు ఎక్కువ, డాక్టరుకు చూపించి వచ్చే ఆదివారం కూర్చోబెట్టి అడుగుతాను. కాపాడటానికి కాదు, మధ్యలో పడిపోతే జవాబు ఎవరూ చెప్పరు. అప్పటిదాకా తొందరపడి ఆయన కంటపడేట్టు ఏదీ పంపకు, దణ్ణం పెడతాను.

మామయ్యకు ఈపాటికి చెప్పేసే ఉంటావు. వద్దన్నా ఆగేవాడివి కాదు. ఎలా ఉన్నాడో రాయి.

వదిన


జూన్ 24

మరిదికి,

నీ ఉత్తరం, నీ పార్శిల్ రెండూ అందాయి. పార్శిలే ముందు అందింది, నాకు కాదు.

సోమవారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అట్టపెట్టె విప్పి ఉంది. లోపలి స్పాంజి ముక్కలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. బొమ్మ ఫ్రేము కింద బల్ల మీద ఉంది, గొట్టం గదిలోకి కనపడేట్టు. పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. ముందు చక్రాలు ఎటో తిరిగి ఉంటే వేలితో నెట్టి నిటారుగా పెడుతున్నాడు.

నన్ను చూసి, "బాగా చేశారు. స్టీరింగ్ కూడా తిరుగుతోంది" అన్నాడు.

నువ్వు పంపావని ఆయనకు తెలుసు. కానీ నేనే పంపించుకున్నాననుకున్నాడు. అడగలేక బొమ్మ తెప్పించిందని. నేను కాదని చెప్పడం మొదలుపెట్టి మానేశాను. అడగడానికి అంతకంటే మంచి సమయం రాదనిపించింది.

నేను నోరు తెరవకముందే చెప్పాడు. నా పని జనం చెప్పింది ఉన్నదున్నట్టు రాయడం, అలాగే రాస్తున్నాను.

"పేపరు పొద్దున్నే చూశాను. తిరగేశారని చూడగానే తెలిసింది. దహనం అయ్యాక చెబుదామనుకున్నాను. ఈలోగా కమిటీవాళ్ల దగ్గర్నుంచి మీ మామయ్య వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని, నా చేతుల్తోనే పోయాడు బావా అన్నాడు. కాదురా, నా చేతుల్తో అని చెప్పాలి. ఆ రోజు చెప్పలేదు కాబట్టి మర్నాడు ఇంకా కష్టమైంది. తర్వాత రోజు ఇంకా."

మరి మామయ్యను ఇంట్లోకి రానివ్వకపోవడం ఎందుకు అన్నాను.

"వాణ్ని చూస్తే చెప్పేస్తానని."

ఫ్రేము ఎందుకు కట్టించావు అని అడగలేదు. అదీ ఆయనే చెప్పాడు. గోడ మీద లేకపోతే కొన్నాళ్లకు తనూ కుడి చక్రమే అని నమ్మేస్తానని భయమేసిందట.

మరిదీ, నేను ఊళ్లో దొంగల్ని, మంత్రుల్ని ఎదురుగా కూర్చుని అడిగాను. వంటింట్లోకి వెళ్లి గోడ పట్టుకుని నిలబడటం ఇదే మొదలు. ఈ మనిషి నాకు జడలు వేశాడు. ఏ పక్క నిలబడాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదన్నావు. అవును, నేర్పలేదు. ఏ పక్క అయినా నిలబడటానికి నేల కనపడట్లేదు.

నీ పందొమ్మిదో తారీకు ఉత్తరానికి జవాబు నా ఇరవయ్యో తారీకు ఉత్తరమే. దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఇంతకంటే సంజాయిషీ ఇవ్వను.

మామయ్యకు చెప్పావా లేదా?

వదిన


జూన్ 28

వదినకు,

"వదినగారికి" అని రాసినందుకు సిగ్గుపడుతున్నాను. అంతకంటే పొడుగ్గా రాస్తే నువ్వు కోసేస్తావు.

చెప్పాను. నీ ఉత్తరం వచ్చేదాకా చెప్పలేదు, ఆగేవాణ్ని కాదన్నావు కానీ ఆగాను. ఇంట్లో కాదు, కొట్లో చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక రెసిన్ వాళ్ల బొమ్మ తీసుకెళ్లి ఆయన బల్ల మీద, కుట్టుమిషను పక్కన పెట్టాను. తిడతాడనుకున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, దీపం దగ్గరికి లాక్కుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎవడు చేశాడ్రా ఇది? గొట్టం తప్పు పక్క పెట్టాడు" అన్నాడు.

ఫొటోలో కూడా కుడి పక్కే ఉంది నాన్నా అన్నాను.

"ఏ ఫొటో?"

ఏ ఫొటో అన్నాడు వదినా. ఆయన్ని దోషిని చేసిన ఫొటోను ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. పేపరు చూపించమని కమిటీని అడగలేదు. వాళ్లూ చూపించలేదు.

నువ్వు పంపిన రెండు అచ్చులూ ఇచ్చాను, పేపర్లో వేసింది, నెగెటివ్ నుంచి సరిగ్గా తీసింది. నేను ఒక్క ముక్క వివరించలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నాడు. మిషను సూది బిగించే చిన్న స్క్రూడ్రైవరు చేతిలో ఉంది. దాన్ని కింద పెట్టాడు, మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. మొహంలో సంతోషం వెతికాను. లేదు. ఎవరో ఇంటి తాళం మార్చేస్తే గుమ్మంలో నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

"పెద్దవాడికి తెలుసా" అన్నాడు. తెలుసన్నాను. ఎప్పటి నుంచి అన్నాడు. మొదటి రోజు నుంచి అన్నాను. అప్పుడు లేచి బయటికెళ్లి వీధి కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాడు.

నేను పెద్దాయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. నాన్న నన్ను ఆపాడు. ఆయన అన్నది నీకు అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను. "వాడు బిగించలేదని నీకెవరు చెప్పారు? నన్ను ఫొటో చూసి తేల్చారు. ఇప్పుడు వాణ్నీ ఫొటో చూసి తేలుస్తావా? చక్రం ఊడిందంటే రెండు కారణాలు. నట్టు బిగించకపోవడం, ఇరుసు విరగడం. ఇరుసు చూడాలి."

షెడ్డు యజమానికి ఫోన్ చేశాను. కారుకు ఎడమ ముందు ఇరుసు కొత్తది వేయించాడట. కుడిది మాత్రం పాతదే, ముట్టుకోలేదట. ఎడమ పక్క పాత ముక్క పారేయలేదు, నూనెగుడ్డలో మూటకట్టి అటక మీద పెట్టాడు. విప్పి చూశారా అంటే, చూసినా నాకేం తెలుస్తుందయ్యా, నావి ఓడలు అన్నాడు. నాన్నకు చూస్తే తెలుస్తుందట. కొన విరిగి, బిగించిన నట్టుతో సహా చక్రం వెంట పోయి ఉంటే చక్రం బిగించినట్టు, ఇనుమే మోసం చేసినట్టు. ఇరుసు చెక్కుచెదరకుండా, నట్టు లేకుండా ఉంటే బిగించనట్టు.

అమ్మకు నిన్న సాయంత్రం నాన్నే చెప్పాడు. ఆవిడ ఏడవలేదు. మంచం అంచున కూర్చుని తన రెండు చేతులూ చూసుకుంటోంది. ఇవాళ పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు నాన్నను ఏదో అనబోయింది, గ్లాసు పెట్టేసి వెళ్లిపోయింది. కోపం కాదు. ఇన్నేళ్ల తర్వాత ఈయనతో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు ఆవిడకు.

నాన్న ఒక్కటే అడుగుతున్నాడు. మూట విప్పేటప్పుడు పెద్దాయన ఎదురుగా ఉండాలి. వస్తాడా?

నీ మరిది


జూలై 2

మరిదికి,

వస్తాడు. నేను పూర్తిగా అడగకముందే వస్తానన్నాడు. తర్వాత రోజంతా పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. సాయంత్రం నన్ను పిలిచి, నిజంగా బిగించాడో లేదో తనకే తెలియదని చెప్పాడు. "బిగించాననే గుర్తు. ఆ గుర్తును ఇన్నేళ్లు తీసి చూసుకుని చూసుకుని అరగదీశాను. ఇప్పుడు అది నిజమో, నేను తయారుచేసుకున్నదో చెప్పలేను."

నువ్వు రాసిన రెండు కారణాలూ ఆయనకు చదివి వినిపించాను. ఇనుమే మోసం చేసినట్టు అన్నచోట ఇంకోసారి చదవమన్నాడు. నీకు ఇది నచ్చకపోవచ్చు. నాకూ ఆయన మీద జాలిపడాలో వద్దో తేలలేదు. ఇరుసు ఏం చెప్పినా, నోరు మూసుకున్న సంగతి అలాగే ఉంటుంది. ఆ మాట ఆయనకు చెప్పాను. తల ఊపాడు.

మా సంపాదకుడికి నెగెటివ్, పాత పేజీ రెండూ బల్ల మీద పరిచి చూపించాను. మొదట ఇంత పాతదానికి సవరణ ఏమిటన్నాడు. తప్పు ముద్దాయి ఇంకా బతికే ఉన్నాడన్నాను. సరేనన్నాడు. సవరణ సోమవారం సంచికలో వస్తుంది, ఫొటోను ఉన్నదున్నట్టు వేసి. ఏ చక్రం ఊడిందో ఉంటుంది, ఎవరు బిగించారో ఉండదు. ఎందుకు ఊడిందన్న వాక్యానికి చోటు ఖాళీగా వదిలాను. ఆదివారం సాయంత్రం ఐదింటిలోగా ఇవ్వాలి.

అత్తయ్యను తీసుకురా. బలవంతపెట్టకు, కానీ తను అడిగితే బండిలో చోటు లేదని చెప్పకు.

షెడ్డు యజమానితో మాట్లాడాను. నిజమే, అరుస్తాడు. ఆదివారం ఉదయం పది గంటలకు తలుపులు తీస్తానన్నాడు. పెద్దాయన, నేను తొమ్మిదిన్నరకే గేటు దగ్గర ఉంటాం. మూటను అటక మీంచి దింపించి కారు ఎడమ పక్కన, కింద గుడ్డ మీద పెట్టించమన్నాను. విప్పేది మామయ్య.

వదిన